మీ పెళ్లి ఫుటేజీని ఇకపై ఎక్కడ, ఎలా దాచబోతున్నామంటే

మా స్టూడియోలో ఇప్పటికే పెళ్లి తీయించుకున్నవారికి, రాబోయే ముహూర్తాలకు మమ్మల్ని మాట్లాడుకున్నవారికి ఒక విషయం దాచకుండా చెప్పవలసి ఉంది. ఇన్నేళ్లుగా మేము "అంతా క్లౌడ్‌లో ఉంది, మీరు నిశ్చింతగా ఉండండి" అంటూ వచ్చాము. ఆ మాట ఇవ్వడానికి తగిన ఏర్పాటు మా దగ్గర లేదని ఈ ఏడాది ఉగాది దాటాక తెలిసివచ్చింది.

విజయవాడలో ఇద్దరు ఎడిటర్లు, గుంటూరులో ఆల్బమ్ డిజైనర్, హైదరాబాదులో వీడియో రంగులు సరిదిద్దే కలరిస్ట్, అందరూ ఒకే ఉమ్మడి ఫోల్డర్‌లో పనిచేసేవారు. మాఘమాసపు ముహూర్తాల ఒత్తిడిలో ఒక ఎడిటర్ తన ల్యాప్‌టాప్‌లో చోటు చాలక ఒక పెళ్లి ఫోల్డర్‌ను తుడిచేశారు. తన దగ్గరున్న ప్రతి మాత్రమే పోతుందని ఆయన అనుకున్నారు. అది సింక్ అయ్యే ఫోల్డర్, అంటే ఒకచోట చేసిన మార్పు అన్నిచోట్లా జరిగే ఫోల్డర్ కనుక అందరి కంప్యూటర్లలోనూ, క్లౌడ్‌లోనూ పోయింది. తుడిచిన ఫైలు ట్రాష్‌లో 30 రోజులు మాత్రమే ఉంటుంది. ఆ పెళ్లి వీడియో వంతు వచ్చేసరికి ఆ గడువు దాటింది, మెమరీ కార్డులు అప్పటికే తరువాతి పెళ్లిళ్లకు తిరిగి వాడేశాము. ఒక పాత హార్డ్ డిస్క్‌లో రెండు కెమెరాల ఫుటేజీ దొరకగా, మూడో కెమెరా తీసిన అప్పగింతలు దొరకలేదు. ఆ కుటుంబానికి కొంత సొమ్ము తిరిగి ఇచ్చాము, కానీ పోయినదానికి అది బదులు కాదని మాకు తెలుసు. తప్పు ఆ ఎడిటర్‌ది కాదు. సింక్‌ను బ్యాకప్ (విడిగా దాచిన నకలు) అనుకుని నడిపించిన నాది.

ఆ తరువాత రెండు నెలలు క్లౌడ్ సేవలను ఒక్కొక్కటిగా పరిశీలించాను. ధరల పట్టికలు చూడటంతో మొదలుపెట్టాను గానీ, అసలు చిక్కు మా ఫైళ్ల బరువులో ఉందని త్వరలోనే అర్థమైంది. సెకనుకు 100 మెగాబిట్ల నాణ్యతతో 4కే వీడియో తీస్తే గంటకు 45 జీబీ అవుతుంది. పెళ్లిరోజున మూడు కెమెరాలు ఆరేసి గంటలు నడిస్తే 810 జీబీ. ఫొటోలు, డ్రోన్ దృశ్యాలు కలిపితే ఒక్క పెళ్లికే దాదాపు ఒక టెరాబైట్ (వెయ్యి జీబీ). మా ఇంటర్నెట్ లైను సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో ఎక్కడా తగ్గకుండా అప్‌లోడ్ చేసినా, ఆ టెరాబైట్ పైకి వెళ్లడానికి 22 గంటలు పడుతుంది. సాయంత్రం వేళల్లో మాకు నిజంగా అందే వేగం అందులో సగం కూడా ఉండదు. "గూగుల్ డ్రైవ్‌లో పెట్టేయండి, సరిపోతుంది కదా" అని చాలామంది అడుగుతారు. ఉచితంగా ఇచ్చే 15 జీబీ మా ఒక కెమెరాకు 20 నిమిషాలు. డబ్బు కట్టి చోటు పెంచుకున్నా, ఒక్కో ఖాతా రోజుకు 750 జీబీకి మించి అప్‌లోడ్ చేయనివ్వదు కనుక, ఎంత వేగమైన లైను ఉన్నా మన పెళ్లి ఒక్క రోజులో పైకెక్కదు.

"అన్‌లిమిటెడ్" అన్న మాటను నమ్మడం కూడా మానుకున్నాను. గూగుల్ ఫొటోస్‌లోని అపరిమిత ఉచిత నిల్వ 2021 జూన్ 1తో ఆగింది. డ్రాప్‌బాక్స్ వ్యాపార సంస్థలకిచ్చిన "కావలసినంత చోటు" పథకాన్ని 2023 ఆగస్టులో ముగించింది. కంపెనీల లెక్కలు కంపెనీలకు ఉంటాయి, అది వారి ఇష్టం. కానీ ఆ మాట మీద ఆధారపడి నేను మీకు మాట ఇవ్వకూడదు.

చివరికి తేలినది ఏమిటంటే, మాలాంటి చిన్న బృందం పెద్ద ఫైళ్లను ఊళ్ల మధ్య తిప్పడమే మానుకోవాలి. ఇకపై అసలు ఫుటేజీ విజయవాడ స్టూడియోలోని నాస్ పెట్టెలోనే (పలు డిస్క్‌లు కలిపి నెట్‌వర్క్‌కు తగిలించిన నిల్వ పెట్టె) ఉంటుంది. దాని నుంచి సెకనుకు 8 మెగాబిట్ల చిన్న ప్రాక్సీ వీడియోలు (నాణ్యత తగ్గించిన నకళ్లు) తయారు చేసి వాటిని మాత్రమే ఉమ్మడి క్లౌడ్ ఫోల్డర్‌లో ఉంచుతాము. పద్దెనిమిది గంటల ఫుటేజీ ప్రాక్సీలుగా 65 జీబీకి దిగివస్తుంది, అంటే ఒక్క రాత్రిలో చేరిపోతుంది. ఎడిటింగ్ ప్రాక్సీల మీద జరుగుతుంది. వీడియోలో చివరికి నిలిచిన ముక్కల అసలు ఫైళ్లు మాత్రమే హైదరాబాదు కలరిస్ట్‌కు వెళతాయి. ఉమ్మడి ఫోల్డర్‌లో ఎవరు ఏది తుడిచినా ఇక పోయేది ప్రాక్సీ మాత్రమే, దాన్ని మళ్లీ తయారు చేసుకోవచ్చు.

నాస్‌లో ఒక డిస్క్ చెడినా డేటా నిలుస్తుంది, కానీ దొంగతనానికీ అగ్నిప్రమాదానికీ అది కాపు కాదు. అందుకే రెండో ప్రతి అమెజాన్ వారి ముంబై క్లౌడ్ కేంద్రానికి వెళుతుంది. హైదరాబాదులోనూ 2022 నవంబరు నుంచి వారి కేంద్రం ఉంది. దగ్గర కదా అని మొదట అటే మొగ్గాను గానీ, మా వేగాన్ని పట్టి ఉంచేది మా లైనే కనుక ఆ దగ్గరితనం ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. పెద్ద ఫైళ్లు రాత్రిపూట, నాలుగైదు రోజులు తీసుకుని వెళతాయి. అవి చేరాయని సరిచూసుకునే వరకు మెమరీ కార్డులను ముట్టుకోము. పాత ప్రతులు నిలిచి ఉండేలా వెర్షనింగ్ పెట్టాము, శాశ్వతంగా తుడిచే అధికారం నాకూ నా భార్యకూ మాత్రమే ఉంటుంది.

ఈ ఏర్పాటులో మీకు కలిగే ఇబ్బంది ఒకటుంది. మేము తీసుకున్నది చవకైన డీప్ ఆర్కైవ్ విభాగం. అందులోని ఫైలు అడిగిన వెంటనే తెరుచుకోదు, 12 గంటల నుంచి 48 గంటల వరకు పడుతుంది, పైగా తిరిగి దించుకునే ప్రతి జీబీకి విడిగా రుసుము ఉంటుంది. నాస్‌లో చోటు పరిమితం కనుక ఆరు నెలలు దాటిన పెళ్లిళ్ల అసలు ఫుటేజీ అక్కడ మాత్రమే ఉంటుంది. కాబట్టి పాత పెళ్లి ఫుటేజీ కావాలంటే నాలుగు రోజుల ముందు చెప్పండి. మొదటిసారి ఆ రుసుము మేమే భరిస్తాము, ఆ తరువాత అసలు ఖర్చు మాత్రం తీసుకుంటాము.

కొత్త బుకింగులకు ప్యాకేజీ మీద 2,500 రూపాయలు పెరుగుతుంది. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవారికి పాత ధరే వర్తిస్తుంది. అసలు ఫుటేజీని ఒక సంవత్సరం, పూర్తయిన వీడియోను, ఎంపిక చేసిన ఫొటోలను ఐదేళ్లు దాచుతాము. "ఎప్పటికీ ఉంటుంది" అన్న మాట మా కరపత్రం నుంచి తీసివేశాము. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న బంధువులకు పంపే లింకులకు ఇకపై పాస్‌వర్డు, 30 రోజుల గడువు ఉంటాయి. ఒక కుటుంబం ఫొటోలు వారికి పరిచయమే లేని వాట్సాప్ గ్రూపులో తిరిగిన సంగతి తెలిశాక ఇది తప్పనిసరి అనిపించింది.

ఏడాది దాటిన పెళ్లిళ్ల అసలు ఫుటేజీని ఈ కార్తీకమాసం చివర తీసివేస్తాము. దానికి ముందు మీలో ప్రతి ఒక్కరికీ ఫోన్ చేస్తాము, మీ జవాబు రానిదే ఏదీ తుడవము. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కనుక మాకు తీరిక ఉంటుంది. మీ ఫుటేజీ నకలు కావాలంటే, పైన చెప్పినట్టు ముందుగా చెప్పి, రెండు టెరాబైట్ల ఖాళీ హార్డ్ డిస్క్ తెచ్చి ఉదయం ఇచ్చి వెళితే మరుసటి రోజు సాయంత్రానికి నకలు చేసి ఇస్తాము, దానికి రుసుము లేదు.