దీపం పెట్టేలోపే కళ్ళ సంగతి చూడండి

సంపాదకులకు,

నెలల తరబడి మంచాన ఉండి పోయినవారి కళ్ళు దానానికి పనికిరావని బెంగళూరులో మన తెలుగు ఇళ్ళలో చాలామంది నమ్ముతున్నారు. అది నిజం కాదు. షుగరు, బీపీ, పక్షవాతం, శుక్లాల ఆపరేషన్, చాలా రకాల క్యాన్సర్లు అడ్డు కానే కావు. రక్త క్యాన్సర్, హెచ్‌ఐవీ, హెపటైటిస్, రేబిస్, ఒళ్ళంతా పాకిన ఇన్ఫెక్షన్ లాంటివి ఉంటేనే తీసుకోరు.

ప్రాణం పోయాక కళ్ళు తీసుకోవడానికి గడువు ఆరు గంటలు. ఊరి నుంచి బంధువులు రావాలని ఆగేసరికి అది కాస్తా దాటిపోతుంది, అదే మా బాధ. ప్రాణం పోగానే రెప్పలు మూసి, తడి దూది పెట్టి, ఫ్యాను ఆపాలి. గాలి తగిలితే నల్లగుడ్డు మీది పారదర్శక పొర ఎండి మసకబారుతుంది. తల కింద దిండు ఎత్తు చేయకపోతే రక్తం చేరి కళ్ళు ఉబ్బుతాయి. స్పృహ లేని రోగికి రెప్పలు తరచూ అరమూతగానే ఉంటాయి కాబట్టి చివరి రోజుల్లోనే డాక్టరును అడిగి కంటి ఆయింట్‌మెంట్ రాస్తుండాలి.

ఐ బ్యాంకు వాళ్ళు ఇంటికే వస్తారు, అరగంటలో పని అయిపోతుంది, ముఖం వికారం కాదు. ఈ ఊళ్ళోనే 2006లో కన్నడ నటుడు రాజ్‌కుమార్ కళ్ళు, 2021లో ఆయన కొడుకు పునీత్ కళ్ళు దానంగా తీసుకున్నారు. పోయినవారు ముందుగా ప్రతిజ్ఞాపత్రం రాయకపోయినా ఫర్వాలేదు. పెద్దకొడుకు కోసం ఆగనక్కర్లేదు. పక్కనున్న దగ్గరి బంధువు సాక్షుల ఎదుట సంతకం పెడితే చాలు.

– నేత్రదాన కార్యకర్తలు, మారతహళ్ళి, బెంగళూరు