విషయం: ఫ్యామిలీ ఆఫర్‌లో బుక్ చేసిన గది ఇవ్వకపోవడం, అదనంగా వసూలు చేసిన డబ్బు వాపసు గురించి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. పిల్లలకు రాజధాని చూపిద్దామని మీ వెబ్‌సైట్‌లో ఒక హోటల్‌కు ఫ్యామిలీ ఆఫర్ బుక్ చేశాం. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు, ఒకే గది, టిఫిన్‌తో కలిపి. పిల్లల వయసులు మీ సైటే అడిగింది, మేం ఇచ్చాం. డబ్బు మొత్తం ముందే కట్టించుకున్నారు. మీరు పంపిన కన్ఫర్మేషన్‌లో నలుగురి లెక్కా స్పష్టంగా ఉంది, దాని కాపీ జత చేస్తున్నాను.

రాత్రి పొద్దుపోయాక హోటల్‌కు చేరితే, రిసెప్షన్‌లో అబ్బాయి కంప్యూటర్ స్క్రీన్ మా వైపు తిప్పి చూపించాడు. మా బుకింగ్‌లో పెద్దలు ఇద్దరు, పిల్లలు సున్నా. ఫోన్‌లో మీ కన్ఫర్మేషన్ చూపిస్తే, 'మాకు వచ్చింది ఇదే సార్' అన్నాడు. ఫ్యామిలీ రూములు ఖాళీ లేవట. చివరికి ఇద్దరికి సరిపోయే గది ఇచ్చి, మడత మంచం ఒకటి వేశారు. అది పరిస్తే బాత్రూమ్ తలుపు సగం కూడా తెరుచుకోలేదు. రాత్రి పిల్లలు లేచిన ప్రతిసారీ మంచం ఎత్తి పక్కకు జరపాల్సి వచ్చింది. పైగా మా పెద్దబ్బాయి వయసు తమ పరిమితి దాటిందంటూ వాడికి పెద్దవాళ్ల రేటు, మంచానికి వేరే చార్జీ, పిల్లలిద్దరి టిఫిన్‌కు మళ్లీ డబ్బు తీసుకున్నారు. అన్నీ కలిపితే ఆఫర్‌లో తగ్గింది కాస్తా పోయి, మామూలు రేటు కంటే ఎక్కువే అయింది.

ఆ వయసు పరిమితి మీ ఆఫర్ పేజీలో ధర దగ్గర ఎక్కడా లేదు. హోటల్ నిబంధనలు అని చివర ఉన్న లింకు నొక్కితే తప్ప కనబడదు. వయసు మీరే అడిగి తీసుకున్నప్పుడు దాన్నిబట్టి అసలు ధర అక్కడే చూపించడం మీకు కష్టమేమీ కాదు. తక్కువ రేటు చూపించి చార్జీలు తర్వాత ఒక్కొక్కటిగా కలిపే పద్ధతినే డ్రిప్ ప్రైసింగ్ అంటారు. భారత ప్రభుత్వం 2023లో తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను తప్పుదారి పట్టించే వెబ్‌సైట్ ఎత్తుగడలు) మార్గదర్శకాల్లో దీన్ని కూడా చేర్చింది. ఈ సంగతి మీకు తెలియదనుకోను.

అన్నిటికంటే నాకు బాధ కలిగించింది మరొకటి. ఇది క్యాన్సిల్ చేయడానికి వీల్లేని ఆఫర్. తగ్గింపు ఊరికే ఇవ్వలేదు మీరు. మనసు మార్చుకునే హక్కు మేం వదులుకున్నాం, దానికి బదులుగా ధర తగ్గించారు. మా వైపు మాట మేం నిలబెట్టుకున్నాం. గది ఉంచడం మీ వైపు మాట. అది తప్పాక కూడా 'వద్దంటే వెళ్లిపోవచ్చు, డబ్బు మాత్రం రాదు' అని కౌంటర్ దగ్గర అంటుంటే, నిద్రకు తూలుతున్న పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ వేళలో ఎక్కడికి వెళ్తాం? ఆ టెన్షన్‌లో అడిగినంతా కట్టేశాం. కట్టాం కాబట్టి ఒప్పుకున్నట్టే అని మీ ప్రతినిధి ఫోన్‌లో అనడం అన్యాయం.

హోటల్‌వాళ్లేమో మిమ్మల్ని అడగమంటున్నారు, మీరేమో హోటల్‌ను అడగమంటున్నారు. మేం డబ్బు కట్టింది మీకు. పిల్లల వివరాలు హోటల్‌కు ఎందుకు చేరలేదో తేల్చుకోవాల్సింది మీరూ వాళ్లూ.

మంచానికి, టిఫిన్‌కు, పెద్దవాడికి అదనంగా తీసుకున్న మొత్తం తిరిగి ఇవ్వండి. చెప్పిన గదికీ ఇచ్చిన గదికీ మధ్య రేటు తేడా కూడా వెనక్కి రావాలి. కూపన్ వద్దు, కట్టిన కార్డుకే జమ చేయండి. చెక్ ఇన్ అప్పుడు డిపాజిట్ అని కార్డులో బ్లాక్ చేసిన సొమ్ము ఇంకా విడుదల కాలేదు, అది కూడా హోటల్‌తో మాట్లాడి విడిపించండి. ఆఫర్ పేజీలో పిల్లల వయసు పరిమితిని ధర పక్కనే పెట్టండి, ఇంకో కుటుంబం ఇలా కౌంటర్ దగ్గర నిలబడకుండా ఉంటుంది.

బిల్లులు, గది ఫొటోలు జతచేశాను. జవాబు ఫోన్‌లో కాకుండా రాతపూర్వకంగా ఇవ్వండి. పరిష్కారం రాకపోతే కార్డు ఇచ్చిన బ్యాంకులో చార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బు బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించుకోవడం) కోరతాను, వినియోగదారుల కమిషన్‌లోనూ ఫిర్యాదు చేస్తాను.

ఇట్లు,
మీ కస్టమర్
(బుకింగ్ వివరాలు జతచేసిన కాపీలో ఉన్నాయి)