ఆదివారం గ్రీన్‌వుడ్ సందర్శన

సభ్యులందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు బ్రూక్లిన్‌లోని గ్రీన్‌వుడ్ శ్మశానవాటికను చూడటానికి వెళ్తున్నాము. ఆర్ రైలులో 25వ వీధి స్టేషన్‌లో దిగి కాస్త నడిస్తే ఐదో అవెన్యూ ద్వారం వస్తుంది. పిల్లలతో శ్మశానానికా అని పెద్దలు సందేహించవచ్చు గానీ, 1838లో నెలకొల్పిన ఈ 478 ఎకరాల స్థలం, సెంట్రల్ పార్కు ఇంకా లేని రోజుల్లో నగరవాసులు గుర్రపు బళ్లలో షికారుకు వచ్చిన తోట. ద్వారం గోపురాల్లో పుల్లలతో గూళ్లు కట్టుకున్న పచ్చని చిలుకల గోల అల్లంత దూరం నుంచే వినిపిస్తుంది. 1776లో అమెరికా స్వాతంత్ర్య పోరాటంలో భాగంగా యుద్ధం జరిగిన బ్యాటిల్ హిల్ మీద, స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ వైపు చెయ్యెత్తి నిలిచిన రోమన్ దేవత మినర్వా విగ్రహం దగ్గర మాత్రం తీరిగ్గా ఆగుదాము. ప్రవేశం ఉచితం, కుక్కలకు, సైకిళ్లకు అనుమతి లేదు. అంత్యక్రియలు జరుగుతున్న వైపు వెళ్లకుండా, సమాధులపై కూర్చోకుండా పిల్లలను చూసుకోవలసిందిగా మనవి.