కొత్త ఎంబ్రాయిడరీ మెషిన్ వస్తోంది: మీ ఆర్డర్లలో ఏం మారుతుంది, ఏం మారదు

కొంతకాలంగా టోపీల ఆర్డర్లు తీసుకోవడం లేదు. ఎక్కువ రంగులున్న లోగోలు కూడా ఆలస్యమవుతున్నాయి. ఇప్పుడు 12 సూదుల మెషిన్ ఒకటి ఖాయం చేశాం. దాన్నే ఎందుకు ఎంచుకున్నామో మీకు చెప్పాలి, ఎందుకంటే కొన్నది మీ ఆర్డర్లను బట్టే.

ఇప్పటిదాకా మాది ఒకే సూది ఉన్న మెషిన్. రంగు మారాల్సిన ప్రతిసారీ ఆగిపోతుంది. పాత దారం కత్తిరించి, కొత్త రీలు పెట్టి, సూదిలోకి ఎక్కించి మళ్లీ నడపాలి. 9 వేల కుట్ల లోగో నిమిషానికి 750 కుట్ల చొప్పున 12 నిమిషాల్లో అయిపోవాలి. ఆరు రంగులుంటే ఎప్పుడూ అలా అయ్యేది కాదు, పైగా మనిషి పక్కనే ఉండాలి. కొత్తదాంట్లో రంగులన్నీ ముందే ఎక్కించి ఉంటాయి, మెషినే మార్చుకుంటుంది. అందుకే రంగుకింత అని విడిగా తీసుకునే చార్జీ ఎత్తేస్తున్నాం.

రెండు తలల (సూదులుండే భాగాలు రెండు ఉన్న) మెషిన్ కొనమని చాలామంది చెప్పారు. అందులో సాధారణంగా రెండు తలలూ ఒకేసారి ఒకే డిజైన్ కుడతాయి. ఒకే లోగోను వందల చొక్కాల మీద వేసేవాళ్లకు అది మంచిదే. మాకు వచ్చేవి ఎక్కువగా ఒక్కో బట్టకు ఒక్కో పేరు. రెండో తల ఖాళీగా ఉంటుంది. ఆ డబ్బు టోపీని బిగించి పట్టే ఫ్రేముకు, చిన్న సైజు ఫ్రేములకు పెట్టాం. కొత్త మెషిన్లో బట్టను పట్టి ఉంచే చోటు కింద సన్నటి చేయిలా ఉంటుంది కాబట్టి చొక్కా చేతులు, బ్యాగు జేబులు కుట్లు విప్పకుండానే తొడగొచ్చు.

అమ్మేవాళ్లు ముందుగా చెప్పేది వేగం. నిమిషానికి 1000, 1200 కుట్లంటారు. టోపీ మీదో, జరీ దారంతోనో అంత వేగంగా నడిపితే దారం తెగుతుంది. మేం సాగే టీషర్టు గుడ్డ తీసుకెళ్లి, దాని మీద చిన్న అక్షరాలు కుట్టించి, తిరగేసి చూశాం. వెనక వైపు మధ్యలో మూడోవంతు తెల్ల బాబిన్ దారం (కింది నుంచి వచ్చే దారం), రెండు పక్కలా పై రంగు కనిపిస్తే బిగువు సరిగ్గా ఉన్నట్టు. ఒక షాపులో తెల్ల దారం ఏకంగా ముందువైపుకే వచ్చేసింది. అది మెషిన్ లోపం కాకపోవచ్చు, సరిచేయొచ్చు. కానీ మా ఎదురుగా బిగువు సరిచేసి మళ్లీ కుట్టి చూపించిన చోటే కొన్నాం. రేపు మీ ఆర్డరు మధ్యలో మెషిన్ ఆగితే ఫోనెత్తేది అమ్మినవాళ్లే కదా.

మారనివీ ఉన్నాయి. మామూలు 40 నంబరు దారంతో 5 మిల్లీమీటర్ల కంటే చిన్న అక్షరాలు కుట్టం. 'థ', 'ఠ' లోపలి చుక్క పూడిపోతుంది, ఒత్తులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఇంకా సన్నగా ఉండే 60 నంబరు దారం, సన్న సూది వాడితే కొంత నయం. అయినా తెలుగు పేర్లకు కాస్త పెద్ద సైజే అడగండి. పల్చటి, సాగే బట్టలకు వెనక బ్యాకింగ్ (గుడ్డ ముడతపడకుండా పెట్టే పొర) కూడా తప్పదు.

మెషిన్ వచ్చిన కొత్తలో కొత్త ఆర్డర్లు కాస్త ఆలస్యమవుతాయి. చేయి కుదిరేదాకా మీరిచ్చిన పట్టుబట్టలు పాత మెషిన్ మీదే కుడతాం. టెన్షన్ పడొద్దు. ఇప్పటికే ఒప్పుకున్న ఆర్డర్ల తేదీలు మారవు.

ఇంకొక్క విషయం. కొత్త మెషిన్‌కు డిజైన్లను డీఎస్‌టీ ఫైలుగా ఇస్తాం. అందులో కుట్లు, రంగు మారే చోట్లు ఉంటాయి గానీ, ఏ రంగో ఉండదు. పాత లోగోతో మళ్లీ ఆర్డరిచ్చేవాళ్లు ఇదివరకు మేం కుట్టిన బట్ట ఒకటి పంపండి. ఫొటోలో షేడ్ మారిపోతుంది. దారాలు పక్కన పెట్టి పోల్చుకుని, బట్ట మీకు తిరిగిచ్చేస్తాం.