పాఠ్య ప్రణాళికను మార్చుకునే స్వేచ్ఛ ఇవ్వండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. తనిఖీ అధికారి తరగతికి వస్తే ముందుగా అడిగేది, ఏ రోజు ఏ పాఠం ఎలా చెప్పాలో ఉపాధ్యాయులం ముందే రాసుకునే పాఠ్య ప్రణాళిక పుస్తకం. తేదీ సరిపోయిందా, ఆ రోజుకు రాసిన పాఠమే జరుగుతోందా, గడులన్నీ నిండాయా అని చూస్తారు. అన్నీ ఉంటే సంతకం పడుతుంది. ఈ పద్ధతి మార్చమని కోరుతున్నాను. ప్రణాళికే వద్దని నేను అనను. సిద్ధపడకుండా తరగతిలోకి వెళ్లడం పిల్లల సమయాన్ని దుర్వినియోగం చేయడమే. నేను అడుగుతున్నది రాసుకున్నదాన్ని అవసరమైనప్పుడు మార్చుకునే స్వేచ్ఛ.

భిన్నాల సంకలనం పాఠమే తీసుకోండి. 1/2, 1/3 కలిపితే ఎంత అని అడిగితే చాలామంది పిల్లలు 2/5 అని రాస్తారు. లవాలను లవాలతో, హారాలను హారాలతో కలిపేస్తారు. గణితం చెప్పేవారందరికీ తెలిసిన పొరపాటే ఇది. ప్రణాళిక ప్రకారం కాసేపట్లో వ్యవకలనం మొదలుపెట్టాలి. మొదలుపెడితే పాఠం పూర్తయినట్టే, కానీ తప్పు మాత్రం పిల్లల బుర్రల్లో అలాగే ఉండిపోతుంది. అక్కడే ఆగి, "సగం పెద్దదా, 2/5 పెద్దదా?" అని అడిగి చూడండి. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తక్కువ ఎలా వచ్చిందని పిల్లలే ఉలిక్కిపడతారు. ఇక కాగితపు పట్టీలు మడిచి, రంగులు వేసి, రెండింటినీ ఆరో వంతుల్లోకి మార్చి 5/6 దాకా చేరేసరికి పీరియడ్ అయిపోతుంది. నా లెక్కలో ఆ రోజు అసలైన బోధన జరిగింది. తనిఖీ లెక్కలో సిలబస్ వెనకబడింది.

పని జరుగుతుండగానే ఆలోచించి దారి మార్చుకోవడం ఒకటి, పని ముగిశాక వెనుదిరిగి చూసుకోవడం ఒకటి అని, వృత్తి నిపుణులు పనిలో ఎలా ఆలోచిస్తారో పరిశీలించిన అమెరికా పండితుడు డొనాల్డ్ షాన్ 1983లోనే విడదీసి చెప్పారు. మొదటిదానికి మా ప్రణాళిక నమూనాలో చోటే లేదు. రెండోదానికి చివర ఒక చిన్న గడి ఉంది. అందులో ఏం రాస్తున్నామో కొన్ని పుస్తకాలు తెప్పించుకుని చూడండి. "పాఠం సంతృప్తికరంగా జరిగింది", "విద్యార్థులు చురుకుగా పాల్గొన్నారు" అనే మాటలే ఏడాది పొడవునా కనిపిస్తాయి. మా పనితీరును బేరీజు వేసే అధికారే ఆ గడి కూడా చదువుతారు. ఫలానా భాగం పిల్లలకు అర్థం కాలేదని రాస్తే రేపు సంజాయిషీ అడుగుతారేమో అన్న భయం ఉన్నంతకాలం అక్కడ నిజం రాదు.

పైగా స్వీయ సమీక్షకు ఆధారం కావాలి. అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో తరగతి గదుల రికార్డింగులు విని, ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున ఒక సెకను పాటు మాత్రమే ఆగుతున్నారని గుర్తించారు. ఆ విరామాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు నిడివి పెరిగాయి, జవాబే చెప్పని పిల్లలు తగ్గారు. ఇంత చిన్న విషయం బోధిస్తున్న మనిషికి తనంతట తాను తెలియదు. తన గొంతు తాను వినాలి, లేదా తోటివారు వెనక కూర్చుని చూడాలి. జపాన్‌లో ఉపాధ్యాయులు కలిసి ఒక పాఠం రూపొందిస్తారు. ఒకరు బోధిస్తుంటే మిగిలినవారు పిల్లలను గమనిస్తారు. తర్వాత అందరూ కూర్చుని ఆ పాఠాన్ని సవరిస్తారు. మేము ఒకరి తరగతిలోకి ఒకరం వెళ్లాలంటే సమయమే దొరకదు.

వెసులుబాటు ఇస్తే కొందరు ప్రణాళికే రాయరని మీ అధికారులు అనవచ్చు. ఇప్పుడు మాత్రం జరుగుతున్నదేమిటి? నిరుటి పుస్తకం చూసి ఈ ఏడాది పుస్తకంలోకి ఎక్కించడం. ఈ రోజు, ఈ పిల్లలతో ఏం మారిందో రాయమంటే అలా ఎక్కించడం కుదరదు.

అందుకే ప్రణాళిక పేజీలో సగం ఖాళీగా వదిలి, మార్పునూ దాని కారణాన్నీ అక్కడ రాయనివ్వండి. తనిఖీలో చర్చ ఆ సగం మీదే జరగాలి. స్వీయ సమీక్షలో రాసినదాన్ని పదోన్నతులకు గానీ, క్రమశిక్షణ చర్యలకు గానీ వాడకూడదని స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వండి. వారానికి ఒక పీరియడ్ తోటివారి తరగతి చూడటానికి కేటాయించండి, అందులో సెలవులో ఉన్నవారి బదులు సర్దుబాటు తరగతులు వేయకుండా చూడండి. వచ్చే విద్యా సంవత్సరపు ప్రణాళిక నమూనా ఖరారయ్యేలోపే రోజూ తరగతిలో నిలబడే ఉపాధ్యాయులను పిలిచి మాట్లాడండి.

ఇట్లు,
ఒక గణిత ఉపాధ్యాయురాలు