మనల్ని ఎందుకు దీవించలే అని అడిగినవ్ గదా బిడ్డా

బిడ్డా, వందనాలు. ఆదివారం రాత్రి నువ్వు పెట్టిన మెసేజ్ చదివిన. ఫోన్ల మాట్లాడుదామంటే మార్కెట్ల మిర్చి సీజన్, తెల్లారితే బస్తాలే బస్తాలు, ఇంటికొచ్చేసరికి గొంతు లేస్తలేదు, అందుకే టైప్ చేసి పంపుతున్న, మెల్లగ చదువుకో.

మీ చర్చిల ఎవరో అక్క సాక్ష్యం చెప్పింది, దేవుడు మాకు విల్లా ఇచ్చిండు, పెద్ద కారు ఇచ్చిండు అని, అందరు చప్పట్లు కొట్టిన్రు, నువ్వేమో రూముకొచ్చి "డాడీ, మనం గూడ ఇన్నేండ్ల సంది ప్రార్థన చేస్తనే ఉన్నం గదా, మనల్ని ఎందుకు అట్ల దీవించలే" అని రాసినవ్. ఆ అక్క మీద నాకేం కోపం లేదు, దేవుడు ఇస్తే ఇచ్చిండు, సంతోషమే. గని విల్లా వచ్చినోళ్ళకే దీవెన వచ్చినట్టు, కిరాయింట్ల ఉన్నోళ్ళకు రానట్టు నీ మనసుల ఒక లెక్క పడ్డది సూడు, ఆ లెక్క తప్పు. నేను అడ్తి దుకాణంల పద్దులు రాసేటోన్ని, తప్పు లెక్క కనబడితే ఊకోలేను.

బైబిల్ల చివరి పుస్తకం ప్రకటన గ్రంథంల రెండో అధ్యాయం, మూడో అధ్యాయం తీయి. ఏడు సంఘాలకు ప్రభువు రాయించిన ఉత్తరాలు ఉంటయ్. అండ్ల లవొదికయ ఒకటి, గిప్పటి టర్కీ దేశంల ఉండె ఆ ఊరు. మస్తు పైసలున్న ఊరు, నల్ల ఉన్నికి పేరు, దగ్గర్లనే వైద్యం నేర్పే బడి, క్రీ.శ. 60వ సంవత్సరంల భూకంపం వచ్చి ఊరు కూలితే రోమ్ సాయం లేకుండనే సొంత పైసలతోని మళ్ళ కట్టుకున్నరని టాసిటస్ అనే రోమ్ చరిత్రకారుడు రాసిండు. అసొంటి ఊర్ల సంఘం గూడ మాకేం కొదవ లేదు అనుకున్నది. ప్రభువేమన్నడు? నువ్వు దరిద్రునివి, గుడ్డోనివి, బట్టల్లేనోనివి అన్నడు. ఉన్ని అమ్మేటోళ్ళను పట్టుకొని బట్టల్లేవన్నడు సూడు!

ఇగ ఆ ఏడిట్ల ఇంకొకటి స్ముర్న. అది ఓడరేవు, వ్యాపారం గూడ మస్తుగ నడిచే ఊరే, గని అండ్ల విశ్వాసులు పేదోళ్ళు. వాళ్ళకు రాసిన ఉత్తరంల ఒక్క మందలింపు లేదు, నీ దరిద్రత నాకు తెలుసు, అయినా నువ్వు ధనవంతునివే అన్నడు. ఇకముందు సుఖపడుతరు అని గూడ చెప్పలే, మీల కొందరిని చెరసాల్ల ఏస్తరు, భయపడకున్రి అని చెప్పిండు. మరి ఆ స్ముర్నోళ్ళు మీ చర్చిల నిలబడి సాక్ష్యం చెప్తే ఎవరన్న చప్పట్లు కొడుతరా? నువ్వే చెప్పు.

గట్లని లేమి గొప్పదని చెప్తలేను. నీ ఇంజనీరింగ్ ఫీజుకు మీ అమ్మ గాజులు కుదువ పెట్టిన రోజు నాకు ఏ ఆత్మీయ ఆనందం రాలే, కడుపు మండింది. సామెతల గ్రంథం 30వ అధ్యాయంల ఆగూరు అనే ఆయన ప్రార్థన ఉంటది, నాకు బైబిల్ల బాగ ఇష్టమైనయి అండ్ల అదొకటి: పేదరికం వద్దు, ఐశ్వర్యం వద్దు, నాకు సరిపోయే తిండి పెట్టు అంటడు. ఎక్కువైతే దేవుడెవరు అంటనేమో, లేకుంటే దొంగతనం చేస్తనేమో అని ఆయనకు రెండు దిక్కులా భయమే. నిజాయితీ మనిషి.

మన వరంగల్ ఎనుమాముల మార్కెట్ల పైసలు ఎట్ల వస్తయో ఎట్ల పోతయో నేను రోజు సూస్తున్న. ధర ఇంక పెరుగుతదని మిర్చి కోల్డ్ స్టోరేజ్‌ల పెడుతరు, తీసేనాటికి ధర పడి, స్టోరేజ్ కిరాయి గూడ మీద పడ్డోళ్ళు ఉన్నరు. భూమ్మీద కూడబెట్టినదాన్ని చిమ్మెట తింటది, తుప్పు పడుతది, దొంగలు పడుతరు అని ప్రభువు అన్నడు గదా, మా మార్కెట్ల కూసుంటే రేటు పడుడు గూడ కలిపేటోడు అని నవ్వుకుంట.

మనకు దగ్గర్ల దోర్నకల్ ఉన్నది, చిన్నప్పుడు ఆ పెద్ద గుడి సూపిచ్చిన, యాదికున్నదా? 1939ల ప్రతిష్ఠ అయ్యింది. అజరయ్య బిషప్ గారు తమిళ దేశంకెల్లి వచ్చి తెలుగు నేర్చుకొని, 1912ల ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి) సంఘంల మొదటి భారతీయ బిషప్ అయిండు. అప్పుడు సంఘంల చేరినోళ్ళు శానామంది ఊరి బయట వాడల కూలి జనం, మనసొంటోళ్ళే. వాళ్ళకు గూడ ఇచ్చుడు నేర్పిండు ఆయన, పేదోళ్ళకు మనమే ఏదన్న ఇయ్యాలె గని వాళ్ళనేం అడుగుతం అనుకోలే. మా అవ్వ గూడ పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్ల ఒక పిడికెడు బియ్యం వేరే కుండల ఏసేది, బియ్యం లేకుంటే జొన్నలు, ఆదివారం గుడికి మోసుకపోయేది. ఇచ్చే చెయ్యి ఉన్నోళ్ళం అని ఆమెకు ఎంత గర్వమో! దొర ఇంట్ల గూడ అంత ధీమా ఉండకపోవు.

మీ అమ్మ ఆపరేషన్ అప్పుడు గూడ చూసినవ్ గదా, మన సంఘంల కూరగాయలమ్మే అత్త రాత్రంత దవాఖానల బెంచి మీద కూసున్నది, పొద్దున బేరం పోతదని తెలిసి గూడ కదల్లే. ఆమె నీ పేరు పెట్టి ఇప్పటికీ ప్రార్థన చేస్తది. మనల్ని ఎందుకు దీవించలే అని అడిగినప్పుడు ఇవన్ని ఏ పద్దుల రాసినవ్ బిడ్డా?

ఇగ దశమభాగం సంగతి, అదే సంపాదనల పదో వంతు దేవునికిచ్చుడు. ఫ్లాట్ కొని ఈఎంఐ మొదలైతే అది ఆపాల్నా అన్నవ్. వెయ్యి ఇయ్యి, దేవుడు పదివేలు ఇస్తడు అనే బోధ వింటే నాకు ఒళ్ళు మండుతది, అది కానుక కాదు, చిట్టీ. అట్ల ఇచ్చేదైతే ఇయ్యకు. గని భయంతోని ఆపకు. తక్కువ ఇయ్యి, సంతోషంగ ఇయ్యి, దేవుడు మన జీతం స్లిప్ అడగడు.

ఫ్లాట్ కొనద్దు అంటలేను. అప్పు తీర్చనీకి ఆదివారం గూడ లాప్‌టాప్ ముందట కూసొని, సంఘం బంద్ చేసి, పెండ్లి వాయిదా ఏసి, నిద్ర పాడు చేసుకునే ఫ్లాట్ అయితే మాత్రం జర ఆలోచించు. కిస్తీ ఎంత, చేతికొచ్చే జీతం ఎంత, ఎన్నేండ్లు కట్టాలె, అన్ని ఒక కాయితం మీద రాసి ఫోటో తీసి పంపు, బ్యాంకోళ్ళ కాయితాల మీద సంతకం పెట్టకముందే పంపు, శనివారం మార్కెట్ బంద్ ఉంటది, మీ అమ్మ నేను కూసొని సూస్తం.

డాడీ