ఒరేయ్ బొటానీ, సంజీవనిని మళ్లీ చూశాను

ఒవీడో, ఫ్లోరిడా
మంగళవారం, లంచ్ టైము

ఒరేయ్ బొటానీ,

సంక్రాంతికి నువ్వు రాసిన ఉత్తరానికి మార్చిలో జవాబు రాస్తున్నాను. తిట్టుకో, పడతాను. ఇక్కడ అందరం బాగున్నాం. మా ఆవిడకు కొత్త ప్రాజెక్టు, చిన్నోడికి పైపళ్లు రెండు ఊడాయి, అమ్మ మోకాలు పర్వాలేదు, వేసవి టికెట్లు ఇంకా తీయలేదు. కబుర్లు అయిపోయాయి. ఇక అసలు సంగతి. ఇది నీకు చెప్పేదాకా నాకు ఊపిరాడేలా లేదు. వాట్సాప్‌లో నాలుగు ముక్కలు కొట్టి మళ్లీ నేనే చెరిపేశాను. ఇది ఉత్తరంలోనే చెప్పాలి.

మొన్న శనివారం రాత్రి నేనూ చిన్నోడూ అడవిలో పడుకున్నాం.

రిసార్టు కాదు రా, నిజం అడవి. మాకు దగ్గర్లో లిటిల్ బిగ్ ఎకాన్ అని ఒక స్టేట్ ఫారెస్ట్ ఉంది. దాదాపు 10,000 ఎకరాలు. ఎకాన్లాక్‌హాచీ అనే నది దాని మధ్యలోంచి పోతుంది. అంత పేరు పలకలేక అందరూ ఎకాన్ అంటారు. చిన్న ఎకాన్ వచ్చి పెద్ద ఎకాన్‌లో కలుస్తుంది, అది పోయి సెయింట్ జాన్స్ నదిలో పడుతుంది. ఆ సెయింట్ జాన్స్ దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది, మ్యాపులో చూడు, నీకు నచ్చుతుంది. ఢిల్లీ ఉన్న అక్షాంశంలోనే ఉన్నాం కానీ సముద్రం మూడు వైపులా ఉండబట్టి ఇక్కడ చలికాలంలో కూడా పచ్చదనం పోదు. దోమలు తక్కువ, ఎండ తక్కువ, గుడారం వేసుకోవాలంటే నవంబరు నుంచి మార్చి దాకానే. ఆ తర్వాత మనుషులు ఉండలేరు.

మా పక్కింటి పెద్దాయన ఇక్కడే పుట్టి పెరిగినవాడు. ఆయనా వాళ్ల మనవడూ, నేనూ చిన్నోడూ. చోటు ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. కారు రోడ్డు పక్కన వదిలేసి, అన్నీ వీపున వేసుకుని రెండు మైళ్లకు పైగా నడవాలి. అక్కడికి వెళ్లాక ఏముంటుందో తెలుసా? ఖాళీ జాగా. మంట వేసుకోవడానికి ఒక ఇనుప చట్రం. అంతే. కుళాయి లేదు, కరెంటు లేదు, మరుగుదొడ్డి లేదు. చేతి పారతో నదికి 200 అడుగుల దూరంలో ఆరు అంగుళాల లోతు గుంట తవ్వుకుని పని కానిచ్చి పూడ్చెయ్యాలి. చెత్త ఒక్క ముక్క కూడా వదలకుండా వెనక్కి మోసుకురావాలి. ఇవన్నీ చిన్నోడు ఎంత శ్రద్ధగా చేశాడో! ఇంట్లో ప్లేటు తియ్యమంటే పది సార్లు చెప్పించుకునేవాడు, అక్కడ నేల మీద పడ్డ అన్నం మెతుకులు కూడా ఏరాడు.

దారి తప్పే భయం లేదు. చెట్లకు నారింజ రంగు గుర్తులు వేసి ఉంటాయి. ఇది ఫ్లోరిడా ట్రయిల్‌లో భాగం. మొత్తం దారి సుమారు 1,500 మైళ్లు. 1966లో మొదలైన ఒక సంఘం వాలంటీర్లు ఇప్పటికీ వచ్చి పొదలు నరికి, ఆ రంగులు మళ్లీ మళ్లీ వేస్తుంటారట. జీతం లేదు, ఏమీ లేదు. ప్రతి గుర్తు దగ్గరా ఎవరో ఒకరు బ్రష్షు పట్టుకుని నిలబడి ఉంటారు కదా అనుకుంటూ నడిచాను.

మధ్యలో కొంత మేర నేలంతా నల్లగా కాలి ఉంది. నువ్వు చూస్తే గుండె బాదుకుంటావు. కానీ అది అటవీ శాఖ వాళ్లు కావాలని పెట్టిన నిప్పు. ఈ రాష్ట్రంలో ఏడాదికి 20 లక్షల ఎకరాలకు పైగా ఇలా అనుమతి ఇచ్చి కాలుస్తారు. అప్పుడప్పుడూ చిన్న మంట పెట్టకపోతే ఎండుటాకు పేరుకుని, ఎప్పుడో పిడుగు పడి అడవంతా పోతుంది. ఆ మసి మధ్యలో, నేల మీద పాకే సా పామెటో అనే పొట్టి తాటిజాతి మొక్క కాలిన మొద్దులోంచి లేత విసనకర్రలు తోసుకొస్తోంది. దాని గురించి నీకో పేజీ రాయొచ్చు. రాయను. ఇంకోటి ఉంది.

గుడారం వేసిన చోటికి పాతిక అడుగుల దూరంలో ఒక లైవ్ ఓక్ చెట్టు ఉంది. మన మర్రికి ఊడలు తీసేస్తే ఎలా ఉంటుందో అలా అడ్డంగా చాచిన కొమ్మలు. కొమ్మల నుంచి బూడిద రంగు స్పానిష్ మాస్ జడలు జడలుగా వేలాడుతోంది. పేరుకే మాస్, అంటే నాచు, కానీ అది అనాస కుటుంబం అని నువ్వు ఎప్పుడో చెప్పావు, గుర్తుంది. ఆ కొమ్మల పైభాగం అంతా, మొదలు నుంచి చివరి దాకా, ఎండి ముడుచుకుపోయిన ఆకులు కప్పేసి ఉన్నాయి. తుప్పు రంగు. పట్టుకుంటే పిండి అయిపోయేలా ఉన్నాయి. ఇక్కడ నెలకు పైగా సరైన వాన లేదు. చిన్నోడు తల పైకెత్తి చూసి "పాపం నాన్నా, అన్నీ చచ్చిపోయాయి" అన్నాడు. పెద్దాయన విన్నాడు, భాష తెలియకపోయినా వాడి మొహం చూసి అర్థమై ఉంటుంది. ఏమీ అనలేదు. ఆకాశం వైపు చూసి, గుడారం పైన వానగుడ్డ గట్టిగా లాగి కట్టుకోమన్నాడు.

సాయంత్రం నదికి వెళ్లి నీళ్లు తెచ్చాం. ఆకుల్లోని టానిన్ అనే వగరు పదార్థం దిగి నీళ్లు డికాక్షన్ రంగులో ఉంటాయి. ఫిల్టర్ చేసినా రంగు పోదు, కానీ రుచి బాగుంది. ఎదుటి ఒడ్డున ఇసుక మీద మొసలి, చిన్నదే, కదలకుండా పడుకుని ఉంది. మేం ఎంత దూరంలో ఉండాలో పెద్దాయన చూపించి నిలబెట్టాడు. అన్నం వండాం. మాగాయ కలుపుకున్నాం. ఇక్కడ నల్ల ఎలుగుబంట్లు తిరుగుతాయి, అందుకని మాగాయ డబ్బాతో సహా తిండి అంతా మూత బిగుసుకునే గట్టి డబ్బాలో పెట్టి దూరంగా ఉంచాలి. ఆ డబ్బా మూత వాసన ఇంకా పోలేదు, మా ఆవిడ గరాజ్‌లో పెట్టింది.

చీకటి పడ్డాక గుడ్లగూబలు అందుకున్నాయి. బార్డ్ ఔల్. "నీకు వంటెవరు చేస్తారు?" అని అడుగుతుందట ఇక్కడివాళ్ల లెక్కలో. రెండు చెట్ల మీద నుంచి రెండూ అదే అడుగుతుంటే నాకు విశాఖ రూములో నీ గురువారం ఉప్మా గుర్తొచ్చింది. కిటికీలోంచి ఎవరికి దానం చేశామో ఇక్కడ రాయను, ఉత్తరం మీ ఆవిడ కూడా చదువుతుంది.

పదకొండు దాటాక ఎండుటాకుల్లో ఏదో నడుస్తున్న చప్పుడు. చిన్నోడు నా చెయ్యి పట్టుకున్నాడు, వాడి వేళ్లు చల్లగా ఉన్నాయి. లైటు వేసి చూస్తే ఆర్మడిల్లో, ఒంటి మీద గట్టి పెంకు ఉండే చిన్న జంతువు. పిల్లి అంత కూడా లేదు, చప్పుడు మాత్రం గేదె వచ్చినంత. ఆడది ప్రతి కాన్పులో నలుగురిని కంటుంది, నలుగురూ ఒకే అండం నుంచి, అచ్చం ఒకేలా. వాడికి అది చెప్తే భయం పోయి, "అయితే వాళ్లమ్మకు ఎవరెవరో ఎలా తెలుస్తుంది?" అని అడుగుతూ నిద్రపోయాడు.

అప్పుడు మొదలైంది వాన. ఉరుములు లేవు, గాలి లేదు. ఉత్తరం నుంచి చలిగాలి దిగేముందు పడే సన్నటి, ఆగని వాన. తెల్లవారుజాము దాకా పడుతూనే ఉంది. నేను నిద్రపోలేదు. పోవాలనిపించలేదు. మనిషికీ వానకీ మధ్య ఒక్క పల్చటి గుడ్డ ఉన్నప్పుడు వినపడేది వేరు రా, మీ పెంకుటింటి వసారాలో పడుకున్నప్పుడు... సరే, అది తర్వాత.

పొద్దున్న చిన్నోడి కేకతో బయటికి వచ్చాను. "నాన్నా, చెట్టు మార్చేశారు!"

బొటానీ, కొమ్మలన్నీ పచ్చగా ఉన్నాయి. నిన్న చచ్చి పడున్న ప్రతి ఆకూ విప్పుకుని, నీళ్లు కారుతూ, కొత్తగా నాటినట్టు నిలబడి ఉంది. ఆ పేద్ద చెట్టు మొత్తం. నేను నోటమాట లేకుండా నిలబడిపోయాను. పెద్దాయన కాఫీ కాస్తూ మా ఇద్దరి మొహాలూ చూస్తున్నాడు. రాత్రి నుంచి దీనికోసమే ఆగాడు ఆయన!

రిజరెక్షన్ ఫెర్న్, అంటే చచ్చి మళ్లీ లేచే ఫెర్న్. శాస్త్రీయ నామం ప్లియోపెల్టిస్ పాలీపోడియాయిడిస్, స్పెల్లింగు చూసి రాశాను. చెట్టు రసం తాగదు, ఊరికే బెరడు మీద కూర్చుంటుంది. మామూలు మొక్క తనలోని నీళ్లలో పదో వంతు పోతేనే ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది కదా. ఇది మామూలు ఎండకే 75 శాతం వదిలేస్తుంది, 97 శాతం పోయినా బతకగలదట. ముడుచుకునేటప్పుడు ఆకు అడుగుభాగం బయటికి వచ్చేలా ముడుచుకుంటుంది. ఆ అడుగున సన్నటి పొలుసులు ఉంటాయి, వాన పడగానే ముందు అవే తడుస్తాయి. డీహైడ్రిన్లు అనే ప్రొటీన్లు ఉండబట్టి కణాల గోడలు విరిగిపోకుండా మడత పడి మళ్లీ విచ్చుకుంటాయని చదివాను. 1997లో దీన్ని డిస్కవరీ స్పేస్ షటిల్‌లో పంపించి, బరువు లేని చోట కూడా ప్రాణం పోసుకుంటుందా అని చూశారట. మా ఊరికి గంట దూరంలో ఉన్న కెనడీ స్పేస్ సెంటర్ నుంచే!

ఇంకా ఆగు. లావుపాటి కొమ్మ ఒకటి కిందికి వంగి ఉంది, దాని అడుగు పక్కకు వాన అందలేదు. అక్కడ ఇంకా తుప్పు రంగే. చిన్నోడు వాడి సీసాలో నీళ్లు తెచ్చి చేత్తో చిలకరించి, కింద కూర్చుని కనిపెట్టుకుని ఉన్నాడు. టిఫినుకు రమ్మంటే రాలేదు. మేం సర్దుకునేసరికి అంచులు విచ్చుకోవడం మొదలైంది. వాడి మొహం చూడాల్సింది నువ్వు.

నాకేం గుర్తొచ్చిందో నీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. అంతర్వేది తీర్థం. జీళ్లు కొనుక్కోమని ఇచ్చిన డబ్బులు ఇద్దరం కలిపి బుట్టవాడికి ఇచ్చేసి ఎండిన ఉండ కొన్నాం. సంజీవని అన్నాడు వాడు. మీ ఇంట్లో గాజు గ్లాసులో వేసి మంచం కింద పెట్టి, టార్చి వేసుకుని గంటగంటకీ చూశాం. తెల్లారేసరికి విచ్చుకుంది. మీ బామ్మ ఆ నీళ్లు కళ్లకు అద్దుకుంది. అది సెలాజినెల్లా అని, ఫెర్న్ కూడా కాదని, తూర్పు కనుమల రాళ్ల మీద పెరుగుతుందని ఏళ్ల తర్వాత నువ్వే చెప్పావు. నువ్వు బొటానీ తీసుకోవడానికి కారణం ఆ గ్లాసే అని నేనంటాను, నువ్వు ఒప్పుకోవు. ఇప్పుడైనా ఒప్పుకో. నీకు కలిగింది ఏమిటో నాకు మొన్న పొద్దున్న అర్థమైంది.

నాన్న ఉంటే ఆ రోజే ఫోన్ చేసి చెప్పేవాణ్ణి. చెట్టు కింద నిలబడి జేబులో ఫోను కోసం చెయ్యి పెట్టాను కూడా. ఆయన అన్నీ రెండుసార్లు చెప్పించుకునేవారు, నీకు తెలుసుగా. అందుకే నీకు ఇంత పొడుగ్గా...

సరే. నాకు నువ్వు రెండు విషయాలు చెప్పాలి. ఒకటి, మన సెలాజినెల్లాలో కూడా ఈ డీహైడ్రిన్ల పద్ధతేనా, వేరేనా? రెండు, ఇలా ఎన్నిసార్లు ఎండి ఎన్నిసార్లు లేవగలదు, దానికి లెక్క ఉందా? చిన్నోడు రోజూ అడుగుతున్నాడు. బొటానీ మామయ్యను అడుగుతానని మాటిచ్చాను. ముక్క తెచ్చావా అని అడక్కు, అడవిలోంచి ఆకు కూడా తేకూడదు, తేలేదు. ఫోటోలు పంపుతాను, పొలుసులు కనపడేలా దగ్గరగా తీసినవి ఉన్నాయి. మీ ఇంటర్ పిల్లలకు చూపించు. పైకెత్తి చూసి చచ్చిపోయిందన్నవాడు మావాడే అని మాత్రం చెప్పకు, వాడు సిగ్గుపడతాడు.

వచ్చే డిసెంబరులో సెలవు పెట్టరా. వీసా సంగతి నేను చూస్తాను, ఏమేం కాగితాలు కావాలో రేపు విడిగా రాస్తాను. గుడారం నలుగురికి సరిపోతుంది. నీకు చలి ఆగదు కాబట్టి మందపాటి స్లీపింగ్ బ్యాగ్ ఒకటి ఇప్పుడే చూసి పెట్టాను. ఇంకా నది ఒడ్డున పాత రైలు వంతెన మొండాల గురించి చెప్పనే లేదు, ఫ్లాగ్లర్ అనే పాతకాలపు రైలు కంపెనీ యజమాని వేయించిన రైలు పోయిన దారి అది, దాని మీద

మీటింగు మొదలైంది, నా పేరు పిలుస్తున్నారు. ఉంటాను.

నీ
బక్కోడు